తాళ్లు విప్పకముందు



గ్రీస్ దేశానికి పడమటి పక్క, అయోనియన్ సముద్రంలో లెఫ్కాద అనే దీవి ఉంది. వేసవిలో శనివారం సాయంత్రం అక్కడి రేవు కిటకిటలాడుతూ ఉంటుంది. గట్టు పొడవునా తెరచాప పడవలు వరసగా, అమరం గట్టు వైపు పెట్టుకుని నిలబడి ఉంటాయి. అమరం అంటే పడవ వెనక కొస, అణియం అంటే ముందు కొస. అవి వారం చొప్పున అద్దెకిచ్చే పడవలు. పొద్దున ఒక కుటుంబం దిగిపోతుంది, సాయంత్రానికి ఇంకో కుటుంబం ఎక్కుతుంది. మధ్యలో కడగడం, తుడవడం, నీళ్లు పట్టడం, డీజిల్ నింపడం.

ఎక్కేవాళ్లు అప్పుడే విమానం దిగి వచ్చి ఉంటారు. ఈమధ్య వాళ్లలో లండన్ నుంచి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలు కూడా కనిపిస్తున్నాయి. పిల్లలకి ఆకలి, పెద్దలకి నిద్ర. పడవ అప్పగించే కుర్రాడికేమో చీకటి పడేలోపు ఇంకా మూడు పడవలు అప్పగించే పని ఉంటుంది. గబగబా చెప్పుకుపోతాడు: ఇది ఇంజిన్ తాళం, ఇది లోతు చూపించేది, ఇది గాలిది, ఇది రేడియో, ఇక్కడ సంతకం పెట్టండి. వీళ్లు అన్నిటికీ తలాడిస్తారు. ఆ గంట గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. సెలవుల వారం మొత్తంలో అంత విలువైన గంట ఇంకోటి లేదు. సముద్రం మధ్యలో గుండె గుభేలుమనే సంఘటనల్లో చాలావాటికి విరుగుడు అక్కడే, పడవ గట్టుకు కట్టి ఉన్నప్పుడే దొరుకుతుంది.

గ్రీస్‌లో ఇలాంటి పడవ అద్దెకు తీసుకోవాలంటే నడిపే మనిషికి అర్హత పత్రం ఉండాలి. బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ ఇచ్చే డే స్కిప్పర్ లాంటిదో, ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం తీర్మానం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ ధ్రువపత్రమో చూపించాలి. తోడుగా కాస్త అనుభవమున్న రెండో మనిషి కూడా ఉండాలి. మంచి నియమమే. కాని ఆ పత్రం మీకు పడవ నడపడం వచ్చని చెబుతుంది తప్ప ఈ పడవ మీకు తెలుసని చెప్పదు. మన హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవల మీద చక్కగా నేర్చుకున్న యువతీయువకులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల చేతికి అలవాటైంది చుక్కాని కర్ర. కర్రను ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. 40 అడుగుల అద్దె పడవలో ఉండేది చక్రం. కుడికి తిప్పితే కుడికే. మెదడుకి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, చేతులకు అర్థం కావడానికి ఇంకాస్త వ్యవధి పడుతుంది. ఆ వ్యవధి మనం ఇవ్వాలి.

కాబట్టి ముందు చక్రం దగ్గర నిలబడదాం. ఇప్పటి పడవల్లో తరచు రెండు చక్రాలుంటాయి, ఎడమొకటి, కుడొకటి. రెండూ కలిసే తిరుగుతాయి, ఏది పట్టుకున్నా ఒకటే. చక్రం మధ్యలో గుండ్రటి బిరడా లాంటిది ఉంటే అది చక్రాన్ని బిగించి ఉంచేది. రేవులో ఉన్నప్పుడు బిగించి ఉంచుతారు. బయల్దేరేముందు దాన్ని వదులు చేయకపోతే, తిప్పబోయినప్పుడు చక్రం మొరాయిస్తుంది, మనిషి కంగారుపడతాడు. చక్రాన్ని ఎడమ చివరిదాకా తిప్పండి, అక్కణ్ణించి కుడి చివరిదాకా ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. అందులో సగం దగ్గర చుక్కాని తిన్నగా ఉన్నట్టు. చాలా పడవల్లో, చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు పైకి వచ్చే ఊచ మీద సన్నని తాడుతో ఒక అల్లిక వేసి ఉంటారు. రాత్రిపూట కళ్లు చీకట్లోకి చూస్తున్నా వేళ్లు దాన్ని తడిమి చుక్కాని ఎటుందో చెప్పేస్తాయి. మీ పడవ చక్రానికి ఆ అల్లిక లేకపోతే అంగుళం రంగు టేపు చుట్టండి. పావు నిమిషం పని.

కారుకి అలవాటుపడ్డ చేతులకు ఒక సంగతి కొత్తగా ఉంటుంది. కారులో ముందు చక్రాలు తిరుగుతాయి, వెనక భాగం వాటి వెంట వస్తుంది. పడవకు చుక్కాని వెనక ఉంటుంది, అందుకని ముందు కదిలేది వెనక భాగమే. అణియం కుడికి పోవాలంటే అమరం ఎడమకు ఊడ్చుకుంటూ పోతుంది. గట్టుకు పక్కగా ఆనుకుని ఉన్న పడవను అణియం ముందు తిప్పి బయటికి తీయబోతే అమరం పోయి గోడకు గుద్దుకునేది అందుకే. ఇంకోటి, చుక్కానికి సొంత బలం లేదు. దాని మీదుగా నీళ్లు పారితేనే అది పనిచేస్తుంది. పడవ బొత్తిగా నెమ్మదిస్తే చక్రం ఎంత తిప్పినా పడవ మాట వినదు. బ్రేకులు ఎలాగూ లేవు. వెనక్కి నడిపేటప్పుడు చక్రాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. నీళ్లు చుక్కాని వెనక అంచుకు తగిలి, చక్రాన్ని ఒక్కసారిగా చివరిదాకా విసిరేస్తాయి. ఊచల మధ్య చెయ్యి ఉంటే మణికట్టు విరుగుతుంది.

తరవాత ఇంజిన్ మీట. నిలువుగా ఉంటే న్యూట్రల్, ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. గేరు, వేగం రెండూ ఆ ఒక్క మీటలోనే. గేరు పడకుండా ఇంజిన్ వేగం మాత్రమే పెంచాలంటే మీట మొదట్లో ఒక బొత్తాం ఉంటుంది, అది నొక్కి తోయాలి. ఇది చేతులారా చేసి చూడాల్సిన పని. ముందుకి వెళ్తున్న పడవను వెనక్కి మార్చేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగాలి, ఇంజిన్ జోరు తగ్గనివ్వాలి. లేకపోతే గేర్లకు దెబ్బ.

తాళం తిప్పగానే ఇంజిన్ పలక కీచుమని మోగుతుంది. కొత్తవాళ్లు ఆ మోతకు బెదురుతారు. మోగితేనే మంచిది: నూనె ఒత్తిడి తగ్గినప్పుడు హెచ్చరించే గంట బతికే ఉందన్నమాట. ఇంజిన్ అందుకున్నాక ఆగిపోవాలి. తాళం తిప్పినా మోగకపోతే, ఇంజిన్ బాగానే నడుస్తున్నా, అప్పగించే మనిషిని పిలిచి చూపించండి. ఇంజిన్ నడవగానే అమరం మీంచి వంగి పొగగొట్టం వైపు చూడాలి. చల్లబరిచే సముద్రపు నీరు అందులోంచి దఫదఫాలుగా ఉమ్మినట్టు బయటికి పడుతూ ఉండాలి. పడకపోతే వెంటనే ఆపాలి. ఆపడానికీ వరస ఉంది. ముందు ఆపే బొత్తాం నొక్కాలి, లేదా ఆపే పిడి లాగాలి. ఇంజిన్ పూర్తిగా ఆగాకే తాళం తిప్పాలి. నడుస్తున్న ఇంజిన్‌కి తాళం కట్టేస్తే బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు.

పడవ కట్టి ఉండగానే తెలుసుకోవాల్సిన రహస్యం ఇంకోటుంది. వెనక్కి వేసినప్పుడు ప్రొపెల్లర్ పడవను సూటిగా వెనక్కే లాగదు, అమరాన్ని ఒక పక్కకి కూడా నెడుతుంది. ఎటు నెడుతుందో పడవను బట్టి ఉంటుంది. తాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, తక్కువ వేగంతో వెనక గేరు వేసి, ఎవరినైనా అమరం దగ్గర రెండు పక్కలా నీళ్లలోకి చూడమనండి. నురుగు ఎక్కువగా కుడి పక్కన వస్తుంటే అమరం ఎడమకు పోతుందన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు ఇరుకు రేవులో దాన్ని తనకు సాయంగా వాడుకుంటాడు. తెలియనివాడు పక్క పడవ మీద పడతాడు.

ఇక పరికరాలు. చక్రం ముందున్న చిన్న చిన్న తెరల మీద అంకెలు మెరుస్తూ ఉంటాయి. నేను ఏ పడవ ఎక్కినా ప్రతి అంకెనూ ఒకటే ప్రశ్న అడుగుతాను: నువ్వు ఎక్కడి నుంచి కొలుస్తున్నావు? ఈ ప్రసంగంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి.

లోతునే తీసుకుందాం. మా అన్న కొడుకు మాతో వచ్చినప్పుడు మెగానిసి దీవిలో ఒక చిన్న కయ్యలోకి, అంటే తీరంలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి, పోతూ వాణ్ణి లోతు చదవమన్నాను. "బాబాయ్, 3.2!" అన్నాడు. "ఎక్కడి నుంచి నాన్నా 3.2?" అన్నాను. వాడు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. తెర మీద ఆ జవాబు ఉండదు మరి.

లెక్క వేద్దాం. పడవ నీటిలో 2.1 మీటర్లు మునిగి ఉంటుందనుకుందాం. అంటే కింద వేలాడే కీల్ అనే బరువైన రెక్క కొస నీటి మట్టానికి 2.1 మీటర్ల దిగువన ఉంది. లోతు కొలిచే ముక్క పడవ అడుగున అర మీటరు లోతున బిగించి ఉంది. తెర 3.2 అంటోంది. పరికరం నీటి మట్టం నుంచి కొలిచేటట్టు సరిచేసి ఉంటే కీల్ కింద మిగిలింది 1.1 మీటరు. ఆ ముక్క దగ్గర్నుంచే కొలుస్తుంటే మిగిలింది 1.6. కీల్ కొస నుంచి కొలిచేటట్టు పెట్టి ఉంటే మొత్తం 3.2 మీటర్లూ మిగిలే ఉంది. ఒకే అంకె, మూడు అర్థాలు. ఆ అంకె 2.1 అయిన రోజున మొదటి పడవ నేలకు ఆనుకుని ఉంటుంది, మూడో పడవ హాయిగా తేలుతూ ఉంటుంది. మూడు రకాల పడవలూ ఒకే గట్టున పక్కపక్కన కట్టి ఉండొచ్చు. పోయినసారి అద్దెకు తీసుకున్నవాళ్లు తమకు అలవాటైనట్టు మార్చేసి వెళ్లి ఉండొచ్చు. అడుగులా, మీటర్లా అన్నది కూడా చూడాలి. కరేబియన్ దీవుల్లో అమెరికా పటాలకు అలవాటుపడ్డవాళ్లు అడుగుల్లో చూస్తారు, గ్రీస్‌లో మీటర్లు.

అప్పగించే మనిషిని అడగాలి, ఆ మీదట మీరే పరీక్షించాలి. చేపల గాలానికి కట్టే సీసపు గుండో, ఇంకేదైనా బరువో ఒక తాడుకు కట్టి, పడవ పక్క నుంచి కిందకి దించండి. నేల తగిలిన చోట, నీటి మట్టం దగ్గర తాడు పట్టుకుని పైకి తీసి టేపుతో కొలవండి. ఆ కొలతనూ తెర మీది అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే పరికరం ఎక్కడి నుంచి మాట్లాడుతోందో తేలిపోతుంది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'లోతు కీల్ నుంచి' అనో, 'నీటి మట్టం నుంచి' అనో రాసి తెర పక్కన అంటించండి. ఆ వారమంతా పడవలో ఎవరు చక్రం పట్టుకున్నా అది కనిపించాలి. ఇంకో మాట. ఈ పరికరం మీ కింద ఉన్న లోతునే చెబుతుంది. మీ ముందున్న లోతు దానికి తెలియదు. ఇథాకా, కెఫలోనియా దీవుల నడుమ జలసంధి లాంటి బాగా లోతైన చోట దానికి నేల అందక గీతలు చూపిస్తుంది, ఒక్కోసారి పాత అంకెనే మిణుకుమిణుకుమంటూ పట్టుకుని ఉంటుంది. అది చెడిపోయినట్టు కాదు.

గాలి దగ్గరకొద్దాం. తెరచాప స్తంభం కొసన గాలి వేగం, దిశ కొలిచే గిన్నెలు, రెక్క ఉంటాయి. అవి పడవతో పాటు కదులుతాయి కాబట్టి అవి చూసేది పడవకు తగిలే గాలిని. సముద్రం మీద వీచే అసలు గాలి వేరు. ఒక బొత్తాంతో తెర మీద ఈ రెండిట్లో ఏది కావాలంటే అది చూడొచ్చు. చాలామంది ఏది చూస్తున్నారో తెలియకుండా చూస్తారు.

అయోనియన్‌లో వేసవి పొద్దుటి పూట సముద్రం అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మయిస్త్రో అనే గాలి లేస్తుంది, పొద్దుగూకేసరికి అణుగుతుంది. మీరు ఆ గాలికి వీపు పెట్టి ఆగ్నేయంగా పోతున్నారనుకోండి. అసలు గాలి 18 నాట్స్, అంటే గంటకు 18 సముద్రపు మైళ్లు. పడవ వేగం 7. గాలితో పాటే పోతున్నారు కాబట్టి పడవకు తగిలేది 11 మాత్రమే. ఎండ వెచ్చగా ఉంటుంది, టోపీ కూడా ఎగరదు, తెరచాప మొత్తం విప్పి ఉంటుంది. ఇంతలో ఎవరి టోపీయో కాదు, మనిషే నీళ్లలో పడితే? లేదా దాటి వచ్చిన చోటికి వెనక్కి పోవాలనుకుంటే? పడవను గాలికి ఎదురుగా మళ్లిస్తారు. గాలికి 45 డిగ్రీల్లో, 6 నాట్స్ వేగంతో ఎదురు పోయేటప్పుడు పడవకు తగిలే గాలి దాదాపు 23. తెరచాప మీద పడే బలం గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది. 11 నుంచి 23 అంటే బలం నాలుగు రెట్లకు పైనే. సముద్రం మీద గాలి పిసరంత కూడా పెరగలేదు. పడవ మళ్లిందంతే. పడవ ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది, వంటగదిలో గిన్నెలు దొర్లుతాయి, పిల్లలు కేకలేస్తారు.

అందుకని గాలికి వీపు పెట్టి పోయేటప్పుడు తెర మీద అసలు గాలిని చూస్తూ ఉండమంటాను. మళ్లే ఆలోచన వచ్చినప్పుడు ముందు తెరచాప కుదించి, తరవాత మళ్లండి. తెరచాప కుదించిన పడవ కొంచెం నెమ్మదిగా పోతుంది, అంతకంటే నష్టమేమీ లేదు.

వేగానికీ ఇదే ప్రశ్న. పడవ అడుగున తిరిగే చిన్న చక్రం నీటిలో మీ వేగం చెబుతుంది. ఉపగ్రహాల నుంచి వచ్చేది నేల మీద మీ వేగం. నీరే కదులుతుంటే రెండూ వేరవుతాయి. ఆ చిన్న చక్రానికి నాచు పట్టినా వేరవుతాయి. దిశకూ అంతే: దిక్సూచి చెప్పేది అణియం ఎటు చూస్తోందో, ఉపగ్రహం చెప్పేది పడవ నిజంగా ఎటు పోతోందో. గాలి పక్క నుంచి కొడుతుంటే ఈ రెండూ కలవవు. దిక్సూచి పక్కన ఫోన్ పెట్టకండి, చిన్న స్పీకర్ పెట్టకండి. వాటిలోని అయస్కాంతం సూదిని పక్కకి లాగుతుంది.

పటం చూపించే తెర గురించి కాస్త ఆగి చెప్పాలి. దాన్ని అందరూ నమ్ముతారు, ఎందుకంటే అది బొమ్మలా కనిపిస్తుంది. 2014 నవంబరు 29 రాత్రి హిందూ మహాసముద్రంలో, వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచం చుట్టే పోటీలో ఉన్న టీమ్ వెస్తాస్ విండ్ అనే పడవ, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గాదోస్ కరహోస్ అనే పగడపు దిబ్బ మీదకు పూర్తి వేగంతో ఎక్కేసింది. 65 అడుగుల పడవ. అందులో 9 మంది ఉన్నారు, నడిపింది ప్రపంచంలో పేరున్న నావికులు. పరికరాలన్నీ పనిచేస్తూనే ఉన్నాయి. ఆ దిబ్బ వాళ్ల ఎలక్ట్రానిక్ పటంలో కూడా ఉంది. కాని పటాన్ని దూరం నుంచి, పెద్ద ప్రాంతం కనిపించేలా చూసినప్పుడు అది స్పష్టంగా కనిపించలేదు. దగ్గరికి పెంచి చూస్తేనే కనిపిస్తుంది. 9 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అది అదృష్టం. 2015లో వచ్చిన విచారణ నివేదిక పటం చూపించే పద్ధతిలోని ఈ లోపం గురించి వివరంగా చెప్పింది.

అంత అనుభవమున్నవాళ్లకే అలా జరిగిందంటే, మనం రాత్రి పడుకునేముందు రేపటి దారిని వేలితో పెంచుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా అంగుళం అంగుళం చూడాలి. కాగితపు పటం కూడా పడవలో ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిచి, గంటకోసారి మనం ఉన్న చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని అవుతుంది. బ్యాటరీ పోయినా పెన్సిల్ గుర్తు పోదు.

పటం తెర మీద మనిషి బొమ్మతో ఒక బొత్తాం ఉంటుంది. ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దాన్ని నొక్కాలి, ఆ చోటు గుర్తుంటుంది. దానికీ అదే ప్రశ్న వేయండి. ఆ గుర్తు నేల మీది చోటుకు పెట్టింది. పడిన మనిషి నీటితో పాటు కొట్టుకుపోతూ ఉంటారు. అందుకే ఒక మనిషికి వేరే పనేమీ పెట్టకుండా, వేలు చూపిస్తూ, నీళ్లలో పడ్డవాళ్ల మీంచి చూపు తిప్పకుండా నిలబెట్టాలి. బొత్తాం ఆ కళ్లకు తోడు మాత్రమే.

తనంతట తానే నడిపే యంత్రాన్ని ఆటోపైలట్ అంటారు. దాన్ని ఎలా పెట్టాలో నేర్చుకునేముందు ఎలా తీసేయాలో నేర్చుకోండి. ఇంట్లో వాళ్లందరికీ, పదేళ్ల పిల్లలకు కూడా, స్టాండ్‌బై బొత్తాం ఎక్కడుందో చూపించండి. అది పనిలో ఉండగా చక్రం తిప్పబోతే తిరగదు. అణియం ముందు పెద్ద ఫెర్రీ వస్తున్నప్పుడు చక్రం తిరగకపోతే మనిషికి కాళ్లూ చేతులూ ఆడవు. ఆ యంత్రానికి సొంత దిక్సూచి ఒకటి ఉంటుంది, తరచు ఏ మంచం కిందో, ఏ అరలోనో. ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. దాని పక్కన పనిముట్ల పెట్టె, ఇనప డబ్బాల్లో తెచ్చుకున్న శనగలూ సర్దితే పడవ పిచ్చి దారి పడుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

రేడియో. 16వ చానల్ ఎప్పుడూ తెరిచి ఉంచాలి. ఎర్రటి బొత్తాం మీద చిన్న మూత ఉంటుంది. మూత ఎత్తి, బొత్తాం కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పడవ గుర్తింపు సంఖ్య, ఉన్న చోటు చుట్టుపక్కల పడవలకూ తీరరక్షకులకూ అందుతాయి. తరవాత 16లో నోటితో చెప్పాలి. ఇక్కడ మన కుటుంబాలకు ఒక సలహా. పడవ నడిపే మనిషే నీళ్లలో పడితే రేడియో ఎత్తేది ఎవరు? అమ్మో, అత్తయ్యో, ఇంగ్లీషు అంతగా అలవాటులేనివారో కావచ్చు. వాళ్ల కోసం ఒక అట్ట మీద తెలుగు అక్షరాల్లోనే రాసి రేడియో పక్కన కట్టండి: మేడే, మేడే, మేడే, దిస్ ఈజ్ సెయిలింగ్ యాట్... అక్కడ పడవ పేరు మూడుసార్లు. ఆ కింద మై పొజిషన్ ఈజ్... ఆ అంకెలు ఏ తెర మీద, ఏ మూల కనిపిస్తాయో బాణం గుర్తుతో. మ్యాన్ ఓవర్‌బోర్డ్. ఎంతమంది ఉన్నామో. చివర ఓవర్. తొలిరోజు రాత్రి భోజనాలయ్యాక ఆ అట్ట చేతికిచ్చి, రేడియో బొత్తాం నొక్కకుండా, గట్టిగా రెండుసార్లు చదివించండి. చదివేవాళ్ల గొంతు మొదట వణుకుతుంది, రెండోసారికి నిలబడుతుంది.

చక్రం మొత్తానికే పనిచేయకపోతే? చక్రం నుంచి చుక్కాని దాకా చాలా పడవల్లో తీగలు పోతాయి, అవి తెగవచ్చు. అందుకని ప్రతి పడవలో అత్యవసర చుక్కాని కర్ర ఒకటి ఉంటుంది, ఇనుముదో అల్యూమినియందో. అది ఏ అరలో ఉందో అడిగి బయటికి తీయండి. అమరం దగ్గర నేల మీద ఉన్న గుండ్రటి మూత విప్పి, దాన్ని నిజంగా దూర్చి చూడండి. మూత విప్పే పనిముట్టు వేరే చోట ఉంటుంది, అదీ వెతకండి. అప్పగించే మనిషి "అవసరం రాదు" అంటాడు. అయినా చూడండి. మన నౌకాదళం పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు మహిళా అధికారులతో ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రాన్ని, దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రాన్ని దాటి వచ్చిన ఆ పడవ ఇంటిదారి పట్టాక చుక్కాని తిప్పే యంత్రాంగం చెడి మారిషస్ రేవులో ఆగాల్సి వచ్చింది. అంత శిక్షణ, అంత తయారీ ఉన్న పడవకే వచ్చిన అవసరం మనకు రాదని ఎవరు చెప్పగలరు?

ఇన్నీ ఒక్క సాయంత్రంలో అయ్యేవి కావు. అందుకే నా సలహా, తొలిరాత్రి రేవులోనే పడుకోండి. డబ్బు కట్టిన వారంలో ఒక సాయంత్రం పోయిందని బాధపడేవాళ్లున్నారు. అలసిన కళ్లతో, కొత్త పడవతో, చీకటి పడుతుండగా తెలియని కయ్యలో లంగరు వేయడం కంటే అది ఎంతో మేలు. పొద్దున్నే, గాలి లేవకముందే, రేవు బయటి విశాలమైన నీళ్లలోకి పొండి. పడవ పక్కలకు కట్టే గాలి తిత్తినో, ఖాళీ డబ్బానో నీళ్లలో వేసి, దాని పక్కన పడవను ఆపడం సాధన చేయండి. మీట న్యూట్రల్‌లో పెట్టాక పడవ ఎంత దూరం జారుతుందో చూడండి. సూటిగా వెనక్కి నడపండి. ఎంత వేగం వచ్చాక చుక్కాని మాట వింటోందో గమనించండి. కుడికో గుండ్రం, ఎడమకో గుండ్రం తిప్పండి, ఏది చిన్నదో చూడండి. ఇంట్లో పెద్దవాళ్లందరూ తలా ఒకసారి చక్రం పట్టుకోవాలి. నాన్న ఒక్కడే నేర్చుకుని అమ్మ ఫొటోలు తీసే పద్ధతి సముద్రం మీద చాలా ప్రమాదం.

ఈ సాధన ఎందుకంటే, సాయంత్రం కెఫలోనియాలోని ఫిస్కార్దో లాంటి రేవులో అణియం నుంచి లంగరు వేసి, అమరం గట్టు వైపు పెట్టుకుని వెనక్కి పోవాలి. మధ్యధరా ప్రాంతమంతా అదే పద్ధతి. గట్టు మీద కాఫీలు తాగుతూ జనం చూస్తూ ఉంటారు. చక్రం ముందుకొచ్చి, అమరం వైపు తిరిగి నిలబడితే పడవ పోయే వైపే చూపు ఉంటుంది. లంగరు దగ్గరున్న మనిషికి ఇంజిన్ మోతలో మీ మాట వినపడదు. కేకలేసుకోకుండా చేతి సైగలు ముందే అనుకోండి: గొలుసు వదులు, ఆపు, ఎత్తు, ఈ మూడు చాలు. లంగరు మోటారు వాడేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, లేకపోతే బ్యాటరీ నీరసిస్తుంది. దాని కరెంటు మీట పడిపోతే ఎక్కడ ఎత్తాలో శనివారమే అడిగి ఉండాలి. కయ్యలో లంగరు మీదే రాత్రి గడిపేటప్పుడు లోతుకి కనీసం నాలుగు రెట్లు గొలుసు వదలాలి. ఆ లోతు నీటి మట్టం నుంచి లెక్క. మీ తెర కీల్ నుంచి చూపిస్తుంటే పడవ మునిగి ఉండే లోతు, మన లెక్కలో 2.1, కలుపుకోవడం మరిచిపోకండి.

వారం ముగిసి పడవ తిరిగి అప్పగించేటప్పుడు, వేగం చూపే చక్రానికి నాచు పట్టిందనో, గాలి రెక్క అయిదు డిగ్రీలు పక్కకి చూపిస్తోందనో, లోతు కొలతను మీరు మీటర్లకు మార్చారనో కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో కూడా చెప్పండి. అదే శనివారం సాయంత్రం అదే చక్రం దగ్గర ఇంకో కుటుంబం నిలబడుతుంది. వాళ్లకు ఆ కాగితం కావాలి.